మత్తుమందు: భయపడవలసిందేమిటి, భయపడనక్కరలేనిదేమిటి



ఆపరేషన్ అనగానే మన విశ్వాసులకు కత్తి భయం కంటే మత్తు భయమే ఎక్కువ. ఆపరేషన్‌కు ముందురోజు పాపసంకీర్తనానికి వచ్చేవారు గాని, ఇంటికి పిలిపించుకొని ప్రార్థన చేయించుకొనేవారు గాని తరచుగా అడిగే ప్రశ్న ఒక్కటే: "మత్తిచ్చాక మళ్లీ లేస్తానా ఫాదర్?" కోత గురించి అడిగేవారు తక్కువ. ఇందుకు కారణం లేకపోలేదు. మెలకువగా ఉన్నంతసేపు మనిషి తన ప్రాణం తన చేతిలోనే ఉందనుకుంటాడు. మత్తులో ఆ అధికారం ఇంకొకరికి అప్పగించాలి. ఆ అప్పగింత దగ్గరే గుండె దడదడలాడుతుంది.

ఈ భయం రెండు రకాలుగా పనిచేస్తుంది. కొందరు ఆపరేషన్‌ను వాయిదా వేస్తూ పోతారు. వరిబీజం బిగుసుకుపోయి పేగు కుళ్లేదాకా, గడ్డ ముదిరేదాకా ఆగుతారు. ఇంకొందరు ధైర్యంగా ఉన్నట్టే కనిపిస్తారు గాని, డాక్టరు అడిగినదానికి నిజం చెప్పరు. చెబితే ఆపరేషన్ ఆపేస్తారేమోనని, లేదా పరువు పోతుందని. నా ఉద్దేశంలో ఈ రెండోదే ఎక్కువ ప్రాణాంతకం. కాబట్టి అసలు ఈ మందులు ఏమిటి, వాటి ప్రమాదం ఎక్కడుంది, దీనిపై శ్రీసభ ఏమంటుంది అన్నది ఈ వారం కాస్త వివరంగా చూద్దాం. నేను వైద్యుణ్ణి కాను. మందు మోతాదుల సంగతి వైద్యులే చూసుకోవాలి. రోగి, రోగి ఇంటివారు తెలుసుకోవలసినంత వరకే ఇక్కడ రాస్తున్నాను.

మత్తు అంటే ఒక మందు కాదు

మనం "మత్తు ఇంజెక్షన్" అని ఒక్క మాటలో అనేస్తాం. పూర్తి మత్తులో నిజానికి మూడు పనులు జరగాలి. స్పృహ పోవాలి, నొప్పి తెలియకూడదు, కండరాలు వదులు కావాలి. ఒకప్పుడు ఈథరు ఒక్కటే ఈ మూడింటినీ చేసేది. అందుకు దాన్ని ప్రమాదకరమైనంత ఎక్కువగా పట్టించవలసి వచ్చేది. ఇప్పుడు ఒక్కో పనికి ఒక్కో మందు ఇస్తారు. అందువల్ల ప్రతిదీ తక్కువ మోతాదులో సరిపోతుంది.

స్పృహ పోగొట్టడానికి నరంలోకి ఇచ్చేవాటిలో నేడు ఎక్కువగా వాడేది ప్రొపోఫాల్. పాలలాగా తెల్లగా ఉంటుంది. సోయా నూనెలో కలిపి తయారు చేస్తారు గనుక ఆ రంగు. అర నిమిషంలో, ముప్పావు నిమిషంలో మనిషి నిద్రలోకి జారిపోతాడు. దీని ప్రమాదం కూడా అంతే వేగంగా వస్తుంది: రక్తపోటు పడిపోతుంది, ఊపిరి కొంతసేపు ఆగిపోవచ్చు. ఆపరేషన్ థియేటర్లో ఇది పెద్ద సంగతి కాదు. ఊపిరి అందించే యంత్రం, అందించే మనిషి పక్కనే ఉంటారు. అదే మందు ఇంట్లో, చూసుకొనే ఏర్పాటు లేనిచోట ఇస్తే ఏమవుతుందో 2009 జూన్ 25న అమెరికాలో గాయకుడు మైకేల్ జాక్సన్ మరణం లోకమంతటికీ చూపించింది. నిద్ర పట్టడానికని ఆయనకు ఇచ్చింది ఈ మందే.

కెటమిన్ మరో రకం. ఇది ఊపిరిని, రక్తపోటును అంతగా పడగొట్టదు గనుక రక్తం పోయినవారికి, యంత్రాలు అంతగా లేని చిన్న ఆసుపత్రులలో ఎంతో ఉపకారి. కాని మేల్కొనేటప్పుడు వింత కలలు, భయానక దృశ్యాలు, గాలిలో తేలిపోతున్నట్టు అనుభవాలు కలుగుతాయి. మత్తులో మోక్షం చూశామని, చనిపోయిన పెద్దలు కనబడి పిలిచారని చెప్పేవారు నా దగ్గరకు వస్తుంటారు. దేవుడు ఎవరికి ఏ విధంగా దర్శనమిస్తాడో నేను కాదనను. అయితే ముందు డిశ్చార్జి కాగితంలో కెటమిన్ పేరు ఉందేమో చూడండి అని చెబుతాను.

పీల్చే మందులలో 1956లో వాడుకలోకి వచ్చిన హాలోథేన్ చాలాకాలం రాజ్యమేలింది. అరుదుగా, ముఖ్యంగా తక్కువ వ్యవధిలో మళ్లీ మళ్లీ ఇచ్చినవారిలో, అది కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీస్తుందని తర్వాత తేలింది. అందుకే దాని స్థానంలో ఐసోఫ్లూరేన్, సీవోఫ్లూరేన్ వచ్చాయి. ఎప్పుడో ఆపరేషన్ అయిన తర్వాత కామెర్లు వచ్చిన పెద్దవారు ఇంట్లో ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. నొప్పికి ఫెంటనిల్, మార్ఫిన్ ఇస్తారు. ఇవి ఊపిరిని మందగింపజేస్తాయి. ఆపరేషన్ అయిపోయి వార్డుకు వచ్చిన తర్వాత కూడా ఆ ప్రభావం ఉండవచ్చు. నర్సు అరగంటకోసారి వచ్చి లేపి పలకరిస్తుంటే "మా నాన్నను పడుకోనివ్వరా" అని ఆమెమీద విసుక్కోకండి.

హైదరాబాదులో జరిగిన ఒక వాదన

ఈ మందుల చరిత్రలో మన హైదరాబాదుకు ఒక అధ్యాయం ఉంది. అది మనవాళ్లలో చాలామందికి తెలియదు గనుక కొంచెం ఆగి చెబుతాను.

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్ నగరంలో మోర్టన్ అనే దంతవైద్యుడు అందరి ఎదుట ఈథరు ఇచ్చి ఆపరేషన్ చేయించాడు. మరుసటి సంవత్సరమే స్కాట్లండులో సింప్సన్ అనే వైద్యుడు క్లోరోఫారం మొదలుపెట్టాడు. మూడు నెలలు తిరగకముందే, 1848 జనవరిలో, ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే 15 ఏళ్ల బాలిక కాలిగోరు తీయించుకోవడానికి క్లోరోఫారం పీల్చి కొద్ది నిమిషాల్లో చనిపోయింది. కాలిగోటికి ప్రాణం పోవడమా అని అందరూ నిర్ఘాంతపోయారు. అది గుండె ఆగడంవల్లనా, ఊపిరి ఆగడంవల్లనా అన్న వాదన అప్పుడు మొదలై అరవై ఏళ్లకు పైగా నడిచింది.

హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఆ వాదనలో ఒక పక్షాన నిలబడ్డాడు. క్లోరోఫారం ముందు ఊపిరినే ఆపుతుంది, గుండెను కాదు, ఊపిరిని కనిపెట్టి ఉంటే భయం లేదు అని ఆయన నమ్మకం. దీన్ని తేల్చడానికి ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయంతో 1888లో, మళ్లీ 1889లో రెండు హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లు పనిచేశాయి. రెండోదానికి లండన్ నుండి లాన్సెట్ పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అనే గొప్ప వైద్యుణ్ణి పిలిపించారు. ఖర్చుకు నిజాం 1000 పౌండ్లు ఇచ్చాడు. వందలాది జంతువులమీద పరీక్షలు జరిపి లారీ చెప్పిందే నిజమని ప్రకటించారు. ఆ రోజుల్లో హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ క్లోరోఫారం ఇవ్వడంలో ఆరితేరి, ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఒకరుగా పేరు పొందారు.

ఇంతా చేసి ఆ తీర్పు సగమే నిజం. 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు ఇంగ్లండులో చేసిన పరీక్షలలో తేలిందేమిటంటే, మత్తు సరిగా ఎక్కనప్పుడు, శరీరంలో అడ్రినలిన్ ఎక్కువగా ఉన్నప్పుడు, క్లోరోఫారం గుండెను ఉన్నట్టుండి గిలగిల కొట్టుకొనేలా చేసి ఆపేయగలదు. అడ్రినలిన్ అనేది మనం భయపడినప్పుడు శరీరంలో ఊరే రసం. అంటే బెదిరిపోయిన రోగికి కొంచెం కొంచెంగా ఇచ్చిన క్లోరోఫారమే ఎక్కువ ప్రమాదం అన్నమాట.

క్లోరోఫారం కాలం ఎప్పుడో పోయింది. అయినా హైదరాబాదు కమిషన్ ఇచ్చిన సలహా మాత్రం మిగిలింది: మత్తు ఇచ్చేవాడు రోగి ఊపిరిమీద నుండి దృష్టి మరల్చకూడదు. కారణం సగం తప్పినా సలహా సరైనదే కావడం తర్కశాస్త్రం చదువుకున్న నాకు వింతగా అనిపిస్తుంది. ఈనాడు ఆ కాపలా పని మత్తు డాక్టరుతోపాటు యంత్రాలు కూడా చేస్తున్నాయి. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరును 2020, 2021 కోవిడ్ కాలంలో మీరందరూ చూశారు. వదిలే గాలిని కొలిచే క్యాప్నోగ్రాఫ్ మరొకటి. మీ ఆసుపత్రిలో ఇవి ఉన్నాయా, చదువుకున్న మత్తు డాక్టరు ఆపరేషన్ అయ్యేదాకా దగ్గర ఉంటారా అని మర్యాదగా అడగడం మీ హక్కు. "సర్జనుగారే మత్తు కూడా ఇచ్చేస్తారు" అని సమాధానం వస్తే ఇంకో ఆసుపత్రి చూసుకోండి. ఒక మనిషి రెండు పనులమీద దృష్టి నిలపలేడు.

కండరాల మందు, మేనరికం

1942లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో గ్రిఫిత్ అనే వైద్యుడు ఆపరేషన్‌లో క్యూరారేను వాడాడు. దక్షిణ అమెరికా అడవుల్లో వేటగాళ్లు బాణాలకు పూసే విషం అది. దాని వంశంలోవే నేటి కండరాల మందులు. వీటివల్ల రోగి కదలడు. ఊపిరి కూడా తనంతట తాను తీసుకోలేడు. ఆ సేపు యంత్రమో, డాక్టరు చేతిలోని సంచో ఊపిరి పోస్తుంది. మందుల అలర్జీలలో కూడా ఈ మందులకు, యాంటీబయాటిక్స్‌కు పెద్ద వాటా ఉంది.

ఇందులో స్కోలిన్ అని మన ఆసుపత్రుల్లో పిలిచే సక్సినైల్‌కోలిన్ సంగతి తెలుగువారు తప్పక తెలుసుకోవాలి. మామూలుగా ఇది అయిదు పది నిమిషాలలో దిగిపోతుంది. రక్తంలోని ఒక ఎంజైము దాన్ని విరగ్గొడుతుంది. కొందరిలో పుట్టుకతోనే ఆ ఎంజైము ఉండదు. వారికి ఇస్తే కొన్ని గంటలదాకా కండరాలు లేవవు, ఊపిరి రాదు. దక్షిణ భారతదేశంలో ఆర్యవైశ్య కుటుంబాలలో ఈ లోపం ఇతరులకంటే ఎక్కువగా కనబడుతుందని వైద్యులు గుర్తించారు. అందుకే మన ప్రాంతంలో మత్తు డాక్టర్లు కొన్నిసార్లు "మీరేమిట్లు?" అని అడుగుతారు. గుడిలో ఎవరైనా కులం అడిగితే నాకు కోపం వస్తుంది. ఇక్కడ మాత్రం ఆ ప్రశ్న ప్రాణం కాపాడటానికే. మతం మారినా పూర్వికుల రక్తం మారదు గనుక మన క్రైస్తవ కుటుంబాలలోనివారు కూడా తమ పెద్దల మూలం ఏదో దాచకుండా చెప్పాలి.

ఈ లోపం తల్లినుండి, తండ్రినుండి రెండువైపులా వస్తేనే పూర్తిగా బయటపడుతుంది. మేనరికాలు ఎక్కువగా ఉన్నచోట అలా రెండువైపులా కలిసే అవకాశం పెరుగుతుంది. దగ్గరి చుట్టరికంలో వివాహానికి శ్రీసభ ఎందుకు ప్రత్యేక అనుమతి అడుగుతుందని మాతో వాదించే పెద్దలు ఈ మాట కూడా ఆలోచించాలి. ఎంజైము లేదని ముందే తెలిస్తే కష్టమేమీ లేదు, వేరే మందు వాడతారు. తెలియక ఇచ్చినా, మందు దిగేదాకా యంత్రంమీద ఊపిరి అందిస్తూ ఉంటే రోగి కోలుకుంటాడు. కాని ఆ తర్వాత ఆ కాగితం భద్రపరచి, అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్లకూ చెప్పాలి. రక్తపరీక్షతో వారిలో ఎవరికి ఉందో తెలుసుకోవచ్చు.

వంశంలో దిగే మరో ప్రమాదం ఉంది. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో 21 ఏళ్ల యువకుడు కాలు విరిగి ఆసుపత్రికి వచ్చాడు. కాలు గురించి ఆ అబ్బాయి దిగులు పడలేదు. తన బంధువులలో పదిమంది ఈథరు ఇచ్చిన తర్వాత చనిపోయారని, తనకు మత్తు అంటేనే భయమని చెప్పాడు. వైద్యులు కొట్టిపారేయక విన్నారు. కొత్తగా వచ్చిన హాలోథేన్ ఇచ్చి, కళ్లార్పకుండా కనిపెట్టి చూశారు. కొద్దిసేపటికే ఒళ్లు కాలిపోయేంత జ్వరం, రక్తపోటు పడిపోవడం మొదలయ్యాయి. వెంటనే మందు ఆపి, మంచుతో చల్లబరచి బతికించారు. డెన్‌బరో, లవెల్ అనే వైద్యులు 1960లో దీన్ని ప్రచురించారు. ఇప్పుడు దీన్ని మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా అంటారు. పీల్చే మత్తుమందులు, స్కోలిన్ దీన్ని రేపుతాయి. మొదట్లో ఇది వచ్చినవారిలో చాలామంది చనిపోయేవారు. డాంట్రోలీన్ అనే విరుగుడు వచ్చాక, అది వెంటనే దొరికిన చోట, ఎక్కువమంది బతుకుతున్నారు. చాలా అరుదైన జబ్బు ఇది. కాని ఆ యువకుడు తన భయాన్ని నోరు తెరిచి చెప్పుకోవడంవల్ల బతికాడు. మన ఇళ్లలో "మా మేనత్త ఆపరేషన్ బల్లమీదే పోయింది" అనే మాట పండుగనాడు చుట్టాలకు చెబుతాం గాని డాక్టరుకు చెప్పం.

కడుపు ఖాళీ

ఇక అన్నిటికంటే సామాన్యమైన, మన చేతిలోనే ఉన్న ప్రమాదం. మెలకువలో ఏదైనా పొరపోతే దగ్గి బయటకు తోసేస్తాం. మత్తులో ఆ దగ్గు ఉండదు. కడుపులోని ఆహారం, పులుపు పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే మోసం. 1946లో మెండెల్సన్ అనే అమెరికా వైద్యుడు కాన్పుల సమయంలో మత్తు ఇచ్చిన 44,016 మందిని పరిశీలిస్తే 66 మందికి ఇలా జరిగిందని రాశాడు. ఆనాటినుండి ఉపవాస నియమం గట్టిపడింది.

సాధారణంగా తేలిక భోజనానికి 6 గంటలు, తల్లిపాలకు 4 గంటలు, మంచినీళ్లకు 2 గంటలు ఖాళీ ఉండాలి. నూనె వంటలు, మాంసం తింటే ఇంకా ఎక్కువసేపు. పాలు కలిపిన కాఫీ, టీ నీళ్ల లెక్కలోకి రావు, ఆహారం లెక్కలోకే వస్తాయి. షుగరుకు, ఒళ్లు తగ్గడానికి వారానికోసారి వేసుకొనే కొత్త రకం ఇంజెక్షన్లు కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తాయి. అవి వాడేవారు ముందే చెప్పాలి. మీ డాక్టరు చెప్పిన గంటలే మీకు లెక్క.

ఇందులో తప్పు చేసేది ఎక్కువగా ప్రేమగలవారే. పసివాడు ఆకలికి ఏడుస్తున్నాడని అమ్మమ్మ చీరకొంగు చాటున బిస్కెట్ పెడుతుంది. "ఏమీ పెట్టలేదు కదా?" అని నర్సు అడిగితే "లేదమ్మా" అంటుంది. అమ్మమ్మలారా, మీరు పెట్టినా మిమ్మల్ని ఎవరూ కొట్టరు. నిజం చెబితే ఆపరేషన్ నాలుగు గంటలు వెనక్కి పోతుంది, అంతే. చెప్పకపోతే ఏమి పోతుందో పైన రాశాను.

దివ్యసత్ప్రసాదం సంగతి కూడా అడుగుతారు. స్వీకరించడానికి ముందు శ్రీసభ అడిగే ఉపవాసం ఒక గంట; రోగులకు, వృద్ధులకు, వారికి సేవ చేసేవారికి అది కూడా లేదు. కాని ఆసుపత్రి ఉపవాసం వేరు. అందుకని ముందురోజు సాయంత్రమే సత్ప్రసాదం స్వీకరించండి. ఉదయం స్వీకరించాలనుకుంటే డాక్టరు అనుమతితోనే.

ఏమి చెప్పాలి

తాగుడు గురించి చాలామంది అబద్ధం చెబుతారు, అదీ భార్య పక్కన ఉన్నప్పుడు. రోజూ బాగా తాగేవారికి మత్తు మోతాదు మారుతుంది. అంతేకాదు, ఆసుపత్రిలో తాగుడు ఆగిపోయిన రెండోరోజో మూడోరోజో చేతులు వణకడం, మూర్ఛలు, మతి చెదరడం రావచ్చు. ముందే తెలిస్తే దానికి మందు ఉంది. భార్యను బయటకు పంపి అయినా సరే డాక్టరుకు నిజం చెప్పండి. అక్కడ ఆయన మీ పాపాలు లెక్కబెట్టడు, మిల్లీగ్రాములు లెక్కబెడతాడు.

బీపీ మాత్రలు, రక్తం పలచబడే మాత్రలు, షుగరు మందులు, నాటు వైద్యుడిచ్చిన పొడులు అన్నీ ఒక సంచిలో వేసుకెళ్లి చూపించండి. గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి బిగబట్టేవారు, ఉబ్బసం ఉన్నవారు, ఇంతకుముందు ఏ మందుకైనా దద్దుర్లు వచ్చినవారు ఆ సంగతి చెప్పాలి. సిగరెట్టు, చుట్ట కొన్ని వారాల ముందే మానాలి. కదులుతున్న పళ్లు, కట్టుడు పళ్లు దాచకూడదు. గోళ్ల రంగు, గోరింటాకు ఆక్సీమీటరు చదవడానికి అడ్డు రావచ్చు. మెడలోని పతకం, చేతి జపమాల తీసివేయమంటే నొచ్చుకోకండి. కరెంటుతో రక్తం ఆపే పరికరం వాడేటప్పుడు లోహం ఒంటిమీద ఉంటే కాలే ప్రమాదముంది. బయట కూర్చున్నవారి చేతికి ఇవ్వండి, ఆ జపమాలతో వారు ప్రార్థిస్తారు.

ఇన్ని చెప్పాక లెక్క కూడా చెప్పాలి, లేకుంటే భయపెట్టినవాణ్ణి అవుతాను. మంచి సదుపాయాలున్నచోట, ఆరోగ్యంగా ఉన్న మనిషికి ముందే నిర్ణయించిన ఆపరేషన్‌లో కేవలం మత్తువల్ల మరణం సుమారు లక్షమందిలో ఒకరికి. వయసు, గుండె జబ్బు, అత్యవసరం, సదుపాయాల లేమి ఈ లెక్కను పెంచుతాయి. మధ్యలో మెలకువ వస్తుందేమోనన్న భయానికి కూడా లెక్క ఉంది. 2014లో బ్రిటన్‌లో దేశమంతటా జరిపిన పరిశీలనలో అలా గుర్తుందని చెప్పినవారు సుమారు 19,000 మందిలో ఒకరు. మూడేళ్లలోపు పిల్లలకు మూడు గంటలకు మించిన మత్తు, లేదా పదేపదే ఇచ్చే మత్తు గురించి అమెరికా ప్రభుత్వ మందుల సంస్థ 2016లో హెచ్చరించింది. అయితే పసిపిల్లలకు ఒక గంటలోపు ఒక్కసారి ఇచ్చిన మత్తువల్ల అయిదేళ్ల వయసులో తెలివితేటల్లో తేడా కనబడలేదని 2019లో వెలువడిన పెద్ద పరిశోధన తేల్చింది. అవసరమైన ఆపరేషన్‌ను ఈ భయంతో ఆపవద్దు.

నొప్పిని వద్దనడం విశ్వాసలోపమా?

కొందరు భక్తిపరులు, ముఖ్యంగా కన్యాస్త్రీలు, వృద్ధులు, "క్రీస్తు ప్రభువు సిలువపై మత్తు కలిపిన ద్రాక్షరసం పుచ్చుకోలేదు కదా, నేను పుచ్చుకోవచ్చా" అని అడుగుతారు. మార్కు సువార్త 15వ అధ్యాయంలో ఆ సంగతి ఉంది. 1847లో స్కాట్లండులో కూడా, ఆదికాండము 3వ అధ్యాయంలో స్త్రీకి ప్రసవవేదన చెప్పబడింది గనుక కాన్పులో మత్తు ఇవ్వడం దైవవిరుద్ధమని కొందరు అన్నారు. సింప్సన్ అదే ఆదికాండము 2వ అధ్యాయం చూపించాడు. దేవుడు ఆదాము ప్రక్కటెముక తీసేముందు అతనికి గాఢనిద్ర కలుగజేశాడు కదా అని.

కథోలికులమైన మనకు దీనిపై స్పష్టమైన సమాధానం ఉంది. 1956లో ఇటలీ మత్తు వైద్యుల సంఘం తన మహాసభనుండి జగద్గురువులు 12వ పయస్ పాపుగారికి మూడు ప్రశ్నలు పంపింది. నొప్పిని తప్పనిసరిగా భరించాలన్న నైతిక బాధ్యత ఉన్నదా? స్పృహ పోగొట్టుకోవడం సువార్త స్ఫూర్తికి సరిపడుతుందా? మరణావస్థలో ఉన్నవారికి నొప్పి మందు ఆయుష్షును తగ్గించే అవకాశమున్నా ఇవ్వవచ్చా? 1957 ఫిబ్రవరి 24న పాపుగారు వీటికి జవాబు చెప్పారు. నొప్పిని నిరాకరించడం పాపం కాదు. తగిన వైద్య కారణం ఉన్నప్పుడు స్పృహను కొంతసేపు తీసివేయడం న్యాయమే. మూడోదానికి, వేరే ఉపాయం లేనప్పుడు, మరణాన్ని కోరక బాధను తగ్గించడమే ఉద్దేశమైనప్పుడు, రోగి తన బాధ్యతలు తీర్చుకోవడానికి అడ్డురానప్పుడు ఇవ్వవచ్చు అన్నారు. స్వచ్ఛందంగా బాధను సమర్పించుకునేవారిని ఆయన తక్కువ చేయలేదు. కాని దాన్ని అందరిమీదా రుద్దలేదు.

ఇంకొక మాట. పునీత తోమా అక్వినాసుగారు దుఃఖానికి విరుగుడులు చెబుతూ కన్నీళ్లు, స్నేహితుల ఓదార్పు, సత్యధ్యానంతోపాటు నిద్రను, స్నానాన్ని కూడా చేర్చారు. అంతటి వేదాంతి నిద్రను మందుగా ఒప్పుకున్నాక మనం మొహమాటపడటమెందుకు? ఇక ఆత్మ మత్తులో ఎక్కడికి పోతుందని అడిగేవారికి: ఎక్కడికీ పోదు. ఆత్మ దేహానికి జీవం పోసే రూపమని ఆయనే నేర్పారు. గుండె కొట్టుకుంటున్నంతసేపు, మెదడు మందుకింద అణిగి ఉన్నా, మీరు మీరుగానే ఉన్నారు. మత్తులో రహస్యాలు వాగేస్తామని భయపడేవారూ ఉన్నారు. గొంతులో గొట్టం ఉన్నప్పుడు మాట రాదు. మేల్కొనేటప్పుడు ఏవో రెండు మాటలు గొణిగినా అక్కడివారికి అది రోజూ వినేదే.

లేచిన తర్వాత

వృద్ధుల విషయంలో ఇది తప్పక గుర్తుంచుకోండి. ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రోజుల్లో కొందరు పెద్దవారు తికమకపడతారు. కన్నకొడుకును గుర్తుపట్టరు, మంచంమీద పాములున్నాయంటారు, సెలైన్ సూది పీకేస్తారు, రాత్రివేళ ఎక్కువ. దీన్ని వైద్యులు డెలీరియం అంటారు. మత్తుమందులు, నొప్పి మందులు, ఇన్ఫెక్షను, ఒంట్లో ఉప్పు తగ్గడం, మూత్రం బిగియడం, నిద్రలేమి ఇవన్నీ కారణాలు. ఇలాంటి వేళ దయ్యం పట్టిందని మమ్మల్ని పిలుస్తారు. పిలిస్తే వస్తాం, ప్రార్థిస్తాం. కాని ముందు డ్యూటీ డాక్టరును పిలవండి. కళ్లజోడు, వినికిడి యంత్రం తిరిగి పెట్టండి. తెలిసిన మనిషి ఒకరు పక్కనుండి ఇది ఏ ఊరు, ఏ రోజు అని మెల్లగా చెబుతూ ఉండాలి. ఎక్కువమంది కొన్ని రోజుల్లో సర్దుకుంటారు. ఆయనను తాళ్లతో కట్టి, బూతులు తిట్టి, తర్వాత బాధపడిన కుటుంబాలను చూశాను.

చివరగా అభ్యంగనం. దీన్ని చావు సాంగ్యమనుకొని ఆసుపత్రిలో మమ్మల్ని చూడగానే ముఖం మాడ్చుకునేవారు ఇంకా ఉన్నారు. రెండవ వాటికన్ మహాసభ ఇది మరణ ఘడియలోనివారికి మాత్రమే కాదని స్పష్టం చేసింది. ఆపరేషన్‌కు కారణం తీవ్రమైన వ్యాధి అయితే ముందుగానే వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇవ్వవచ్చని ఆ సంస్కార క్రమంలోనే ఉంది. స్పృహలో ఉండగా, మీ నోటితో మీరు పాపసంకీర్తనం చేసుకొని స్వీకరించడం ఎంతో మేలు. థియేటర్ తలుపు దగ్గర స్ట్రెచర్ ఆపి పిలవడం కంటే, తేదీ ఖాయమైన ఆదివారమే మీ విచారణ గురువుకు చెప్పండి.

వెన్నులో ఇచ్చే మత్తువల్ల జీవితాంతం నడుము నొప్పి వస్తుందని తల్లులు అడుగుతున్న ప్రశ్నకు వచ్చే వారం.